గళ్ళ గుడ్డ అంచు

కొత్త ఇల్లు, మేడమీద గది
నవంబరు 6

ఒసే ఊలుండా,

ఫోన్లో చెబుదామంటే నువ్వు నా మాట పూర్తి కానివ్వవు, నేను నీ మాట మొదలు కానివ్వను. అందుకే ఉత్తరం. మధ్యలో అడ్డు తగిలే వీలు లేదు కాబట్టి చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

మీ బావకి బదిలీ అయి ఈ ఊరొచ్చి రెండు నెలలైంది. ఇంకా పదకొండు పెట్టెలు విప్పనేలేదు. ఏ పెట్టెలో ఏముందో పైన రాయండి మహాప్రభో అని సర్దేటప్పుడే చెప్పాను. అన్నిటి మీదా ‘సామాను’ అని రాసిపెట్టారు! పెట్టె తెరిచినప్పుడల్లా ఆయన మీద కొత్తగా కోపం వస్తోంది. నా అల్లిక సూదులు చివరికి ఎక్కడ దొరికాయో తెలుసా? ఆయన బూట్లలో. వంగిపోకుండా ఉంటాయని పెట్టారట.

నా పనికేం ఢోకా లేదు. ప్రెస్సు వాళ్ళు ప్రూఫులు ఇక్కడికే పంపిస్తున్నారు. పొద్దున్నంతా ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దడం, మధ్యాహ్నం కొట్లు తిరగడం. మా వీధి చివర ఒక గుండీల కొట్టుంది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు మీదా లోపలున్న గుండీ ఒకటి అతికించి ఉంటుంది. ఆవపిండి రంగు స్వెటరు అల్లుతున్నాను చూడు, దానికి ఆరు గుండీలు కావాలన్నాను. “స్వెటరు తీసుకురండి. చూడకుండా ఇవ్వను” అన్నాడు ఆ పెద్దమనిషి. మర్నాడు మోసుకెళ్ళాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, “దీనికి సరిపోయేవి నా దగ్గర లేవమ్మా” అన్నాడు. నాలుగు వందల సొరుగులు పెట్టుకుని! ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కకూడదనుకున్నాను. నాలుగో రోజు నేనటు పోతుంటే చప్పట్లు కొట్టి పిలిచి, కాగితంలో చుట్టిన కొమ్ము గుండీలు ఆరు చేతిలో పెట్టాడు. తేనె రంగు. ఎంత బావున్నాయంటే, ఆ కోపం ఏమైపోయిందో నాకే తెలియదు.

అసలు సంగతి ఇది కాదు. గడియారాలు బాగుచేసే షాపు పక్కన మూడు మెట్లు దిగితే ఒక ఊలు కొట్టుంది. నేల నుంచి కప్పు దాకా ఊలే. బుధవారం మధ్యాహ్నాలు ఆరుగురు ఆడవాళ్ళు ముక్కాలి పీటలు వేసుకుని కూర్చుని అల్లుకుంటారట. ఈ బుధవారం నుంచి నేనూ వెళుతున్నాను. ఆవపిండి స్వెటరు పట్టుకెళ్ళి, అల్లికంటే ఏమిటో వాళ్ళకి కాస్త చూపించి వస్తాను.

దీంతో నీకు చేతితొడుగులు పంపుతున్నాను. బీరువాలో దాచకుండా వేసుకుని చావు.

నీ అక్క

*

పళ్ళ డాక్టరు క్లినిక్, ముందు బల్ల
నవంబరు 27

దిద్దుబాటు అక్కకి,

తొడుగులు అందాయి. బావున్నాయి. వేళ్ళు కాస్త పొడుగయ్యాయి, కానీ చెబితే నువ్వు నా వేళ్ళే పొట్టివంటావు. గుండీలకి పేజీన్నర రాశావు, నా నడుంనొప్పి ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. బావుంది, అడిగినందుకు థాంక్స్.

ఇక్కడ పేషెంట్లకి చీటీలు రాస్తూ, మధ్యలో బల్ల కింద అల్లుకుంటున్నాను. నిన్న పన్ను పీకించుకున్న ఒకాయన, నోట్లో దూది ఉండగానే, తనకీ ఒక టోపీ అల్లిపెట్టమని సైగలు చేశాడు. డాక్టరుగారు బయటికొచ్చి, పన్ను గురించేదో అడుగుతున్నాడనుకుని ఆయన్ని మళ్ళీ లోపలికి లాక్కుపోయారు. నాకు నవ్వాగలేదు.

బావకి టోపీ అల్లి పంపుతున్నాను. కొలత తీసుకోందే సూది పట్టకూడదని నువ్వు నా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతావు. నాకు గుర్తున్న తలకి తగ్గట్టు అల్లాను. వదులైతే టీ కెటిలుకి తొడుగు.

ఇంక అసలు విషయానికి రా. మావయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు. “మీ అక్క నా మఫ్లరు వెనక్కి పంపమని కార్డు రాసిందే! నేనేం తప్పు చేశానే?” అంటున్నాడు. ఏడవడం ఒక్కటే తక్కువ. పన్నెండేళ్ళుగా చలికాలం రాగానే ఆయన మెడ చుట్టూ ఉండే మఫ్లరు అది. మా అమ్మాయికి హాస్టలుకి కూడా రాశావట, నీలం స్వెటరు పంపించమని. అది నాకు ఫోన్ చేసి, “పెద్దమ్మకి నా మీద కోపం వచ్చిందా?” అని అడిగింది.

ఇచ్చిన కానుకలు తిరిగి అడగడం ఎప్పటినుంచి మొదలెట్టావు? ఆ బుధవారం ఏం జరిగింది? నీళ్ళు నమలకుండా చెప్పు.

చిన్నది

*

మేడమీద గది
డిసెంబరు 5

చెల్లీ,

ఏమీ జరగలేదు. నీకు అన్నిట్లోనూ ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఊలు కొట్టావిడ దగ్గర ఊలుకనే చేసిన మంచి సబ్బు దొరుకుతోంది. పాతవన్నీ ఒకసారి ఉతికి, సాగిపోయినవి సరిచేసి ఎవరివి వాళ్ళకి పంపుతాను. అంతే. దీనికి మావయ్య అంత గోల చెయ్యక్కర్లేదు.

అమ్మ దుప్పటి నీ దగ్గరే ఉంది కదా. అదీ పంపు. ఇన్నేళ్ళకి చిమ్మటలు పట్టి ఉంటాయి.

బుధవారాలు వెళుతున్నాను. ఆవిడ బాగా తెలిసిన మనిషి.

టోపీ మీ బావకి కనుబొమల కిందికి దిగుతోంది. అయినా తియ్యరు. మొన్న అది పెట్టుకునే వెళ్ళి వంటింటి తలుపుకి గుద్దుకున్నారు. ఇప్పుడు నుదుటి మీద బొప్పి, దాని మీద టోపీ.

ప్రూఫులు చాలా ఉన్నాయి. ఉంటాను.

అక్క

*

ఇంట్లో, కిటికీ పక్క మంచం
డిసెంబరు 14

అక్కా,

దుప్పటి పార్శిలు చేస్తున్నాను. మనసొప్పి కాదు. నాలుగు పేజీలకి తక్కువ రాయని దానివి అరపేజీ రాశావంటే అందులో ఏదో మతలబు ఉంది. కానీ చిమ్మట అన్నావు చూడు, ఆ మాటకి హడలిపోయాను. రెండు రోజులు దీపం కింద పెట్టి వెతికాను. ఒక్కటీ లేదు. అయినా భయం పట్టుకుంది, పంపుతున్నాను.

ఇది నాకు ఏమిటో నీకు తెలియదు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయావు, ఇది నా మీద ఉండిపోయింది. పదకొండు పట్టీలు. నేను కడుపులో ఉండగా అమ్మ మొదలుపెట్టిన ఆకుపచ్చది అన్నిటికన్నా కింద. అక్కణ్ణుంచి చలికాలానికో పట్టీ, మిగిలిపోయిన ఊలుతో, అమ్మా నువ్వూ కలిసి తొమ్మిది అల్లారు. ఆ తర్వాత ఎన్నేళ్ళో అలాగే వదిలేసి, పోయేముందు చలికాలంలో అమ్మ ఒక్కతే కూర్చుని పైన మెరూన్ పట్టీ అల్లింది. అది సరిగ్గా నా గడ్డం కిందికి వస్తుంది. అది తగలకపోతే నాకు నిద్ర పట్టదు. నలభై ఆరేళ్ళొచ్చాయని గుర్తు చెయ్యకు, నాకు తెలుసు.

ఒక్క జాగ్రత్త. అడుగున రెండు పట్టీలు కప్పేస్తూ, ముందూ వెనకా అమ్మ కుట్టిన గళ్ళ గుడ్డ అంచుంది చూడు, నీ పెళ్ళయిన కొత్తలో వేసింది. అది నీళ్ళల్లో పడితే రంగు దిగుతుందేమో. అక్కడ చిరిగిందీ లేదు, పాడైందీ లేదు. “ఎందుకమ్మా కుడుతున్నావు?” అంటే, “నీకెందుకే, గట్టిగా ఉంటుంది” అంది. ఆ ఆకుపచ్చ పట్టీ నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు.

రెండు వారాలు. అంతకన్నా ఒక్క రోజు ఎక్కువైతే నేనే వచ్చి పట్టుకుపోతాను.

చిన్నది

*

మేడమీద గది
డిసెంబరు 24

చెల్లీ,

దుప్పటి క్షేమంగా అందింది. నీకు అబద్ధం చెప్పి తెప్పించాను. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు, అందుకే చెప్పేస్తున్నాను. పూర్తిగా చదివాక తిట్టు.

ఆ మొదటి బుధవారం ఆవపిండి స్వెటరు తీసి అందరి ముందూ పరిచాను. కొమ్ము గుండీలు మెచ్చుకున్నారు. ఊలు కొట్టావిడ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరగా చూసి, “ఎవరండీ మీకు నేర్పింది?” అని అడిగింది. మెచ్చుకోవడమే అనుకున్నాను. “మా అమ్మ” అన్నాను గొప్పగా. “పాపం, ఆవిడకెవరో తప్పు నేర్పినట్టున్నారు” అంది.

మన కుట్లన్నీ మెలిపడి ఉన్నాయట. కుట్టుకి రెండు కాళ్ళుంటాయి కదా, ముందుదీ వెనకదీ. సూది ముందు కాలులోంచి వెళ్ళాలి. మనం వెనక కాలులోంచి పోనిస్తున్నాం. దాంతో ప్రతి కుట్టూ కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటోంది. ఆరుగురూ పీటలు జరుపుకుని మరీ వంగి చూశారు. ఒకావిడ “భలే ఉందే!” అంది. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

నేనే! కామా ఒకటి తప్పిపోతే పట్టుకునే మనిషిని. నలభై ఆరేళ్ళుగా లక్షల కుట్లు తప్పు వేశాను. అవన్నీ అందరికీ కానుకలంటూ పంచిపెట్టాను. నీకు నేర్పాను. అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎందుకు సరిగా నేర్చుకోలేదో అని ఎంత విసుక్కున్నానో చెప్పలేను.

నెలన్నరగా కుస్తీ పట్టి సరైన కుట్టు నేర్చుకున్నాను. చెయ్యి మాట వింటే ఒట్టు! వంద కుట్లు వేసి వంద విప్పాను. ఇప్పుడు అలవాటైంది. మావయ్య మఫ్లరు విప్పి, కొత్తగా అల్లి పంపేశాను. అమ్మాయి స్వెటరు అవుతోంది. అచ్చు తప్పులున్న పుస్తకాన్ని దిద్ది మళ్ళీ వేస్తాం కదా, ఇదీ అంతే.

ఇంక అమ్మ దుప్పటి. అదే ఊలు, అవే రంగులు, అవే పట్టీలు. కుట్లు మాత్రం సరిగ్గా ఉంటాయి. అమ్మ చివరికి మిగిల్చిన వస్తువు తప్పులతడకగా ఉండిపోవడం నాకిష్టం లేదు. కోప్పడకు.

అక్క

*

క్లినిక్, ముందు బల్ల
డిసెంబరు 29

ముట్టుకోకు.

ఆరుసార్లు ఫోన్ చేశాను. తియ్యలేదు. బావకి చేశాను, “మీ అక్క గదిలో తలుపేసుకుని ఉందమ్మా” అన్నాడు, గొంతు తగ్గించి. ఈ ఉత్తరం కాగితం చిరిగేలా రాస్తున్నాను. ఎదురుగా కూర్చున్న పేషెంటు తన పన్ను గురించే రాస్తున్నాననుకుని భయపడుతున్నాడు.

అదే ఊలు అంటావా? నేను ఊలు దాచుకున్నానా? ఊలు నీ మూడు మెట్ల కొట్టులో కావలసినంత దొరుకుతుంది. నేను అమ్మ చేతిని దాచుకున్నాను. మెలిపడిందో, తలకిందులైందో, ఆ చెయ్యి వేసిన కుట్లు అవి. వాటిని విప్పి నీ చేత్తో అల్లి, ఇదిగో అమ్మ దుప్పటి అని నాకు పంపుతావా? నీకా హక్కు ఎవరిచ్చారు?

మావయ్య మఫ్లరు సంగతి విను. మెత్తగా జారిపోయి మోకాళ్ళ దాకా వస్తోందట. “పాతది మెడని పట్టుకుని ఉండేదే. ఇదేమిటే, పరాయివాళ్ళ పంచెలా ఉంది” అంటున్నాడు. మెలి ఉంటే ఏమైంది, ఆయన మెడకి తెలిసిందా? పన్నెండేళ్ళు వెచ్చగా ఉన్నాడు.

తప్పుల గురించి నువ్వు మాట్లాడకు. చిన్నప్పుడు ఎవరైనా దిద్దితే సూదులు విసిరికొట్టేదానివట. గోడ గడియారం అద్దం పగిలింది నీ సూదికే. మావయ్య ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. నేను సూదులు పట్టుకుని అమ్మ దగ్గరికెళితే నేర్పనే లేదు. “అక్క దగ్గర నేర్చుకో. అక్క ఎలా వేస్తే అలా వెయ్యి” అంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. నీ కుట్టే నా కుట్టు. అది తప్పని నలభై ఆరేళ్ళకి కొట్టావిడ చెప్పగానే అమ్మని తప్పు చేసేశావు.

దుప్పటి ఎలా ఉందో అలా పంపెయ్. ఒక్క వరస విప్పి ఉన్నా నాకు ఉత్తరం రాయకు.

*

మేడమీద గది
జనవరి 6

చెల్లీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

పై పట్టీ పోయింది. నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందే విప్పేశాను. నువ్వు అరుస్తావని తెలిసే ఫోన్ తియ్యలేదు. నువ్వెన్ని తిట్టినా పడతాను, ముందు ఇది చదువు.

మెరూన్ ఊలు లాగుతుంటే ఉంగరాలు ఉంగరాలుగా వచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక మొదలుపెడితే టీ వేళకి పట్టీ మొత్తం ఒళ్ళో పడి ఉంది. సరే, ఊలు తడిపితే సాపవుతుంది కదా, మిగతాది కూడా తడిపి విప్పుదామనుకున్నాను. నువ్వు గళ్ళ గుడ్డ రంగు దిగుతుందన్నావు. అందుకని ముందు ఆ అంచు ఊడదీశాను. అమ్మ చిన్న చిన్న కుట్లు వేసింది, ఎంత దగ్గరగా వేసిందో, బ్లేడుతో గంట పట్టింది.

గుడ్డ కింద ఆకుపచ్చ పట్టీ కొత్తదానిలా ఉంది. ఒక్క కుట్టూ మెలిపడలేదు. వరస వెనక వరస, ఊలు కొట్టావిడ వేసినట్టే, ఆవిడ కన్నా నీటుగా.

నేను పొరపాటు పడ్డాననుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. దాని పైది బూడిద రంగు పట్టీ. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, బడి నుంచి రాగానే అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అల్లింది. రెండు వరసలు అమ్మవి, రెండు వరసలు నావి. నాకు బాగా గుర్తుంది, నా వంతు కోసం ఎగిరేదాన్ని. ఆ పట్టీ సగం దాకా రెండు వరసలు సరిగ్గా ఉన్నాయి, రెండు మెలిపడి ఉన్నాయి. మళ్ళీ రెండు సరిగ్గా, రెండు మెలి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, ఒకటి వచ్చినవాళ్ళదీ ఒకటి రానివాళ్ళదీ అని. సగం దాటాక అన్నీ మెలే. అక్కణ్ణుంచి పైదాకా ఎవరి వరస ఎవరిదో నేను చెప్పలేను.

తప్పు అమ్మది కాదే. నాది. నేను చేసిన తప్పుని అమ్మ నేర్చుకుంది.

మొదట అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదా! తర్వాత నువ్వు రాసిన గడియారం అద్దం గుర్తొచ్చింది. చెప్పే ఉంటుంది. నేను విసిరే ఉంటాను. పెళ్ళయ్యాక నేను ప్రూఫులు దిద్దే పనిలో చేరాను, అప్పుడు వేసింది గళ్ళ గుడ్డ. నా కంట పడకూడదని.

బుధవారం దాన్ని కొట్టుకి పట్టుకెళ్ళాను. సిగ్గు సంగతి తర్వాత, ఎవరికైనా చూపించకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. ఊలు కొట్టావిడ చాలాసేపు చూసింది. “వచ్చిన చేత్తో తప్పు అల్లడం చాలా కష్టమండీ. నా వల్ల కాదు” అంది. దాన్ని మడిచి నా చేతిలో పెట్టింది.

ఆ మెరూన్ పట్టీ అల్లినప్పుడు నేను పక్కన లేను. నువ్వూ ఉద్యోగానికి వెళ్ళి ఉంటావు. చూసేవాళ్ళు లేరు, పోల్చేవాళ్ళు లేరు. అప్పుడు కూడా అమ్మ నాలాగే అల్లింది. ఆ పట్టీనే నేను విప్పాను. నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

మళ్ళీ అల్లేద్దామని కూర్చున్నాను. ఊలు కడిగి, ఆరేసి, ఉండ చుట్టి, పదో పట్టీ మీది కుట్లన్నీ సూదికి ఎక్కించాను. చెయ్యి రావడం లేదు. వెనక కాలులోంచి పోనిద్దామంటే దానంతటదే ముందుకి వెళుతోంది. నెలన్నర నేర్చుకున్నది వదలనంటోంది. నాలుగు కుట్లు మెలిపడితే ఐదోది తిన్నగా నిలబడుతోంది. నాలుగు రోజుల్లో పదకొండుసార్లు విప్పాను. మీ బావ టోపీ పైకెత్తి చూసి, “కొంచెం తప్పు వెయ్యలేవూ?” అన్నారు. ఆయన్ని గదిలోంచి తరిమేశాను.

అది ఇప్పుడు నీ ఒక్కదానికే వచ్చు. వచ్చి నేర్పుతావా?

అక్క

*

క్లినిక్, ముందు బల్ల
జనవరి 11

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే డాక్టరుగారు బయటికొచ్చి, “పన్ను నొప్పా?” అని అడిగారు. అవునన్నాను. ఆయన నిజంగానే చూస్తానని కుర్చీ ఎక్కించారు. ఉన్న పళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయట. నీ మూలంగా ఇది కూడా పడ్డాను.

నీ మీద నా కోపం పోలేదు. ఆ మెరూన్ పట్టీ మళ్ళీ అల్లినా అది అమ్మ అల్లింది కాదు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పుడు కప్పుకున్నా గుర్తొస్తుంది. గుర్తొస్తే వచ్చిందిలే. అమ్మది అమ్మ అల్లింది, ఇంక మనది మనం అల్లుదాం.

శుక్రవారం పొద్దుటి రైలుకి వస్తున్నాను, నాలుగు రోజులు సెలవు పెట్టాను. బావని స్టేషనుకి పంపు, టోపీ తీసి పంపు, లేకపోతే ఇంకెవర్నో ఇంటికి తీసుకుపోతాడు. మావయ్య పాత మఫ్లరే కావాలంటున్నాడు, కొత్తది నా సంచిలో పెట్టాడు, అదీ విప్పి మెలిపెట్టి అల్లాలట. గుండీల కొట్టు చూపించు. ఊలు కొట్టావిడకి నేను వస్తున్నానని చెప్పు, ఆవిణ్ణి నాలుగు దులుపుదామనే అనుకున్నాను, ఇప్పుడు టీ తాగి వచ్చేస్తాను. గళ్ళ గుడ్డ పారెయ్యకు. అయిపోయాక ఎక్కడున్నది అక్కడే కుట్టేద్దాం.

ఇంక నేర్చుకోవడం సంగతి. రెండు వరసలు నావి, రెండు వరసలు నీవి. నేను ఎలా వేస్తే నువ్వు అలా వెయ్యి. ఎదురు మాట్లాడకు. మధ్యలో ఎక్కడైనా నన్ను దిద్దావంటే మాత్రం సూదులు విసిరికొడతాను. మీ గదిలో గోడ గడియారం ఉంటే ముందే దించి పెట్టు.

చిన్నది